రాశి పద్ధతియు పొదుపు పద్ధతియు

కళ్లములో ధాన్యపురాశి యెత్తు పెరుగుచుండగా చూచి సంతసింపని కాపు లేడు. రాశి పెద్దదైన చాలును, తాలును తప్పయు వెనుక తూర్పారబట్టుకొనవచ్చునను తలంపు మనకు తరతరములనుండి వచ్చినది. ధాన్యము విషయమున నీ తలంపు చెల్లును. ఏలయన తాలు గాలికి పోవును, గింజ నిలుచును. కాని యంత్రముతో చేయు పనిలో తాలు తనంతట గాలికి పోదు. అది సరకులోనే దాగియుండి, కొన్నవాని యింటికి చేరి, అక్కడ బయటపడును.

మన సహకార సంఘములు నేడు విత్తనములు శుద్ధిచేయుచున్నవి, ధాన్యము మరపట్టించుచున్నవి, నూనె తీయుచున్నవి, పాలు చల్లబఱచుచున్నవి. అనగా మనము కాపులమయ్యును, కర్మాగారములకు కూడ యజమానులమైతిమి. కావున కర్మాగారము నడపుటలో లోకమున పేరుగాంచిన రెండు పద్ధతులను పోల్చి చూచుట మనకు పరాయి విద్య కాదు. మొదటిది అమెరికాలో మోటారుకార్ల తయారీయందు పుట్టిన మాస్ ప్రొడక్షన్. దీనిని ఈ వ్యాసమున రాశి పద్ధతి యందుము. రెండవది జపానులో అదే తయారీయందు పెరిగినది. దానికి లీన్ ప్రొడక్షన్ అను పేరును 1988 సం॥న జాన్ క్రాఫ్‌సిక్ అను పరిశోధకుడు పెట్టెను. లీన్ అనగా కొవ్వు లేని, చిక్కిన యొడలు గలది యని యర్థము. చక్కనమ్మ చిక్కినను అందమే యని మనవారు చెప్పుదురు గదా. మేము దీనిని పొదుపు పద్ధతి యందుము.

ఈ రెంటి తారతమ్యమును మేము పుస్తకములు చదువుటకు ముందే ఒక చేదు అనుభవమువలన నేర్చుకొంటిమి. దానిని తరువాత చెప్పెదము. ముందుగా ఆ కర్మాగారముల చరిత్రను చూతము.

ఫోర్డుగారి కర్మాగారము

హెన్రీ ఫోర్డు మిషిగను రాష్ట్రమున ఒక రైతు బిడ్డ. ఆయన 1908 సం॥న మోడల్ టీ అను కారును వెలువరించినప్పుడు దాని వెల 850 డాలర్లు. ఆ దినములలో కారు కట్టుట యనగా వడ్రంగి బండి కట్టినట్లే యుండెడిది. చట్రము ఒకచోట కదలక నిలిచియుండును. పనివారు దానిచుట్టు తిరుగుచు, ఒక్కొక్క భాగమును తెచ్చి, అతుకని భాగమును ఆకురాయితో రాచి, బిగించుచుందురు. హైలాండ్ పార్కు అను చోట కట్టిన క్రొత్త కర్మాగారమున 1913 సం॥న ఫోర్డుగారి వారు ఈ వరుసను తలక్రిందులు చేసిరి. పనివాడు కదలడు, చట్రమే కదలుచు అతని యెదుటికి వచ్చును. అతడు ఒక్క చిన్న పనిని మాత్రమే చేసి దానిని ముందునకు పంపును. ఇందునకు మూలము కొలతల ఖచ్చితత్వము: ఒక భాగము ఏ కారునకైనను రాచుట లేకయే అతుకవలెను.

ఫలితము ఆశ్చర్యకరము. ఇంచుమించు పండ్రెండున్నర గంటలు పట్టుచుండిన చట్రము కూర్పు 1914 సం॥నకు 93 నిమిషములకు దిగెను. కారు వెల 1925 సం॥నాటికి 300 డాలర్లకు లోపుగా తగ్గెను. ధనవంతుని వాహనము రైతు వాకిటికి వచ్చెను. ఈ మేలును మఱచి ఫోర్డుగారిని నిందించుట న్యాయము కాదు.

అయినను ఆ కదలు వరుసలో నొక లోపము దాగియుండెను. రోజంతయు ఒకే మరను త్రిప్పుట మనుజునకు విసుగు పుట్టించును. 1913 సం॥న ఆ కర్మాగారమునుండి పనివారు ఎంతమంది వెడలిపోయిరనగా, నూఱు కొలువులు నిండియుండుటకు ఏటికి సుమారు 370 మందిని చేర్చుకొనవలసివచ్చెనని లెక్కగట్టిరి. అందుచేతనే 1914 సం॥ జనవరిలో దినమునకు ఎనిమిది గంటల పనికి అయిదు డాలర్ల కూలి యని ఫోర్డుగారు ప్రకటించిరి. అది ఆనాటి కూలికి ఇంచుమించు రెట్టింపు.

కాని కూలి పెరిగినను పనివాని చేతికి అధికారము రాలేదు. ఈ పద్ధతి లోకమంతట వ్యాపించిన పిదప దానికి మూడు నియమములు వేదవాక్యములైనవి. వరుస యెన్నడును ఆగరాదు. ఆపు అధికారము పెద్ద యుద్యోగికే కలదు. తప్పుగా బిగిసిన భాగమును చూచినను పనివాడు ఊరకుండవలెను. తుదిని తనిఖీదారులు చూచి, వేఱొక దొడ్డిలో మరమ్మతు చేయింతురు. ఎక్కడను పని ఆగకుండుటకై భాగములను గుట్టలుగుట్టలుగా నిలువయుంచవలెను. ఒక్క అచ్చులో లోపముండిన, ఆ గుట్టయందలి వేలకొలది భాగములన్నిటను అదే లోపముండును. అది తెలియుసరికి గుట్ట యంతయు తయారై కూర్చుండును.

మఱియొక చిక్కు మార్పు విషయమున వచ్చెను. ఒకే రకపు కారుకొఱకు చేసిన యంత్రములు వేఱొకదానికి పనికిరావు. 1927 సం॥న కోటి యేబది లక్షల మోడల్ టీ కార్లు వెలువడిన పిమ్మట, జనులు క్రొత్త రకములను కోరి ఇతర కంపెనీలకు పోవుచుండగా, ఫోర్డుగారు మోడల్ ఏ అను క్రొత్త కారునకు మారదలచిరి. ఆ మార్పునకై కార్ల తయారీ ఇంచుమించు ఆఱు నెలలు నిలిచిపోయెను. వేలకొలది కుటుంబములు ఆ కాలమున కూలి లేక కూర్చుండవలసివచ్చెను.

మగ్గమునుండి మోటారునకు

జపానునందలి కథ కారుతో కాక మగ్గముతో ఆరంభమగును. సకిచి టొయోడా యను నాయన 1867 సం॥న ఒక వడ్రంగి యింట పుట్టెను. పల్లె స్త్రీలు చేమగ్గముపై పడు పాట్లు చూచి, మెఱుగైన మగ్గము చేయుటయే తన జీవితకార్యముగా పెట్టుకొనెను. 1924 సం॥న ఆయన కంపెనీ పూర్తిచేసిన మరమగ్గమున నొక విశేషము కలదు: నూలు తెగిన తక్షణమే మగ్గము తనంతట ఆగిపోవును. నేతగాండ్రుగల మన గ్రామములవారికి దీని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. పోగు తెగినను ఆగని మగ్గము గంటకు ఎన్ని గజములు నేసినను అది చిల్లుల బట్టయే. ఆగు మగ్గమును కాచుచు నిలుచుండ నక్కఱలేదు గనుక ఒక్కరే పెక్కు మగ్గములను చూచుకొనవచ్చును. ఈ మగ్గపు హక్కులను 1929 సం॥న ఇంగ్లండునందలి ప్లాట్ బ్రదర్సు కంపెనీవారు లక్ష పౌనులకు కొనుటకు ఒప్పుకొనిరి.

ఆయన కుమారుడు కిఇచిరో 1937 సం॥న టొయోటా మోటారు కంపెనీని స్థాపించెను. యుద్ధానంతరమున జపాను దరిద్రమైనప్పుడు ఆ కంపెనీ దివాలా యంచుకు వచ్చెను. 1950 సం॥న పెద్ద సమ్మె జరిగెను. వేయికి మించిన పనివారు కొలువు విడిచిరి. కిఇచిరోయే బాధ్యత వహించి పదవి వదలుకొనెను. అదే సంవత్సరమున ఆయన జ్ఞాతి ఐజీ టొయోడా అమెరికాకు పోయి, రూజ్ నదీతీరమున నున్న ఫోర్డు మహాకర్మాగారమును వారములకొలది పరిశీలించెను. తమ దేశపు చిన్న సంతకు, తమ చేతనున్న కొద్ది మూలధనమునకు ఆ రాశి పద్ధతి సరిపడదని టొయోటావారు గ్రహించిరి. పులిని చూచి నక్క వాతలు పెట్టుకొన్న రీతిగా చేయక, తమకు తగిన దారిని వెదకుకొనిరి. ఆ వెదకుటలో ముఖ్యుడు తైఇచి ఓనో యను యంత్రశాలాధికారి.

ఓనోగారి పద్ధతికి రెండు స్తంభములు. మొదటిది మగ్గమునుండి వచ్చినది: తప్పు కనబడిన చోటనే పని ఆగవలెను. ఇందుకై వరుస పొడవునను త్రాడు కట్టిరి. ఏ పనివాడైనను తప్పు కనబడిన త్రాడు లాగవచ్చును, దీపము వెలుగును, పెద్దపనివాడు పరుగున వచ్చును, అప్పటికప్పుడు సరిపడకున్న వరుస ఆగును. మొక్కై వంగనిది మానై వంగునా యను మాటకు ఇదియే యంత్రశాలలోని యర్థము.

రెండవ స్తంభము, కావలసినది, కావలసినప్పుడు, కావలసినంతయే తయారుచేయుట. అమెరికా సూపర్‌మార్కెటు అంగళ్లలో కొన్నవారు తీసికొనిపోయినంత సరకునే మరల బీరువాలలో నింపుదురు గదా. ఆ రీతిగా ముందుచోటి పనివాడు వాడుకొన్నన్ని భాగములనే వెనుకచోటివాడు చేయవలెను. ఆ సంగతి తెలుపుటకు కన్‌బన్ అను చీటీలు ఒకచోటినుండి మఱియొకచోటికి నడచును. చీటీ రానిదే భాగము చేయరాదు. గుట్టలు తగ్గిన కొలది వాని మాటున దాగిన లోపములు బయటపడును. చెఱువు నీరు తగ్గిన కొలది అడుగున నున్న రాళ్లు కనబడుట మనమెఱుగుదుము.

వ్యర్థములను ఓనోగారు ఏడుగా లెక్కించిరి: అక్కఱకు మించి తయారుచేయుట, పనికొఱకు వేచియుండుట, సరకును వృథాగా మోయుట, అక్కఱలేని పని చేయుట, నిలువ పేర్చుట, వృథాగా కదలుట, తప్పులు చేయుట. వీనిలో మొదటిదే అన్నిటికిని తల్లి యని ఆయన యభిప్రాయము.

కొద్దికొద్దిగా తయారుచేయవలెనన్న యంత్రపు అచ్చులను మాటిమాటికి మార్చవలెను గదా. ఆ మార్పునకే పూట గడచిన నేమి లాభము? దీనికిని వారు ఉపాయము కనుగొనిరి. షిగియో షింగో అను ఇంజనీయరు తోడ్పాటున, 1969 సం॥న నాలుగు గంటలు పట్టుచుండిన వేయి టన్నుల అచ్చుయంత్రపు మార్పు కొలది మాసములలో మూడు నిమిషములకు దిగెను. ఇందలి రహస్యము గొప్ప యంత్రము కాదు. యంత్రము నడచుచుండగానే చేసికొనదగిన పనులను, అది ఆగినప్పుడే చేయవలసిన పనులనుండి విడదీసి, మొదటివానిని ముందే ముగించియుంచుట. మరలు త్రిప్పి బిగించుటకు బదులు ఒక్క పట్టుతో బిగియునట్లు ఏర్పాటుచేయుట. ఇంతియే.

రెంటి పోలిక

మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు 1986 సం॥న రెండు కర్మాగారములను పోల్చి చూచిరి. ఒకటి అమెరికాలో ఫ్రామింగ్‌హాం అను చోటనున్న జనరల్ మోటార్సువారిది, రాశి పద్ధతి. రెండవది జపానులో తకవోకా యను చోటనున్న టొయోటావారిది, పొదుపు పద్ధతి. ఒక కారు కూర్చుటకు మొదటిచోట 31 గంటలు, రెండవచోట 16 గంటలు పట్టెను. నూఱు కార్లలో కనబడిన లోపములు మొదటిచోట 130, రెండవచోట 45. భాగముల నిలువ మొదటిచోట సగటున రెండు వారములకు సరిపడునది, రెండవచోట రెండు గంటలకు మాత్రమే. పనిని ఆపుచుండువారు ఆలస్యమగుదురని మనమనుకొందుము. వారే ముందుగా ముగించిరి.

జపానువారి స్వభావమే వేఱు, అది ఇతరులకు సాధ్యము కాదని కొందఱనిరి. దానికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు కర్మాగారము సమాధానమిచ్చెను. జనరల్ మోటార్సువారు తగవులతోను, పనివారి గైరుహాజరీతోను విసిగి 1982 సం॥న దానిని మూసివేసిరి. 1984 సం॥న టొయోటావారితో కలిసి, అదే భవనమున, అధికముగా ఆ పాత పనివారినే చేర్చుకొని, పొదుపు పద్ధతిని తెఱచిరి. కొలదికాలముననే అక్కడి కార్ల లోపములు తకవోకాతో సమానముగా తగ్గెను. 2010 సం॥వఱకు ఆ కూటమి నడచెను. మనుష్యులు వారే; మారినది వారికి ఇచ్చిన అధికారము.

నేడు మన రాష్ట్రమునను శ్రీసిటీలో 2016 సం॥నుండి ఇసుజువారు, పెనుకొండ చెంత 2019 సం॥నుండి కియావారు వాహనములు తయారుచేయుచున్నారు. రైతుల బిడ్డలు ఇట్టి చోట్ల కొలువులకు పోవు కాలమున, ఈ సంగతులు తల్లిదండ్రులును ఎఱిగియుండుట మేలు.

పొదుపు పద్ధతికి గల గండములు

ఒక వైపే చెప్పి విడుచుట మాకు సమ్మతము కాదు. నిలువ లేని యిల్లు కఱవునకు ఓర్వజాలదు. 1997 సం॥ ఫిబ్రవరి 1న కరియా పట్టణమున ఐసిన్ కంపెనీ కర్మాగారము అగ్నికి ఆహుతియయ్యెను. బ్రేకులకు కావలసిన ఒక చిన్న కవాటము టొయోటావారికి ఇంచుమించు అక్కడినుండియే వచ్చుచుండెను. వారియొద్ద నిలువ కొలది గంటలకే కలదు. జపానులోని టొయోటా వరుసలు ఆగిపోయెను. అప్పుడు జరిగినది సహకారులమైన మనము గుర్తుంచుకొనదగినది. అఱువదికి పైబడిన కంపెనీలు, కుట్టుమిషనులు చేయువారు సహితము, ముందుగా వెలమాట నిశ్చయించుకొనకయే, తమ తమ యంత్రములపై ఆ కవాటములను చేయబూనిరి. కొలది దినములలోనే వరుసలు మరల కదలినవి.

2011 సం॥ మార్చి భూకంపమునకు పిమ్మట టొయోటావారు కొన్ని ముఖ్యభాగములను మాత్రము నెలల తరబడి నిలువయుంచుట నేర్చిరి. అయినను 2021 సం॥న లోకమంతట చిప్పుల కొఱత రాగా, ఆ సెప్టెంబరు ఉత్పత్తిని నూటికి 40 పాళ్లు తగ్గింప నిశ్చయింపవలసివచ్చెను. మఱియు ఈ పద్ధతిలో తీరిక లేని పనివాని బాధ కూడ కలదు. కమాటా సతోషి అను పత్రికారచయిత 1972 సం॥న టొయోటాలో తాత్కాలికపు పనివాడుగా చేరి, తాననుభవించిన అలసటను మఱుసటి యేట పుస్తకముగా ప్రకటించెను. వ్యర్థమును తగ్గించుట మంచిదే. మనుజుని ఊపిరిని వ్యర్థములలో లెక్కించుట మంచిది కాదు.

మా యనుభవము

ఇక ముందు చెప్పెదమన్న సంగతి. కొన్ని యేండ్ల క్రిందట ఒక సంఘపు వరివిత్తనముల శుద్ధికేంద్రమున మేము సలహాదారులముగా నుంటిమి. తొలకరి సమీపించెను, రెండు రకముల విత్తనము సిద్ధముచేయవలెను. ఒక రకము ముగిసి రెండవది మొదలిడునప్పుడు యంత్రపు సందులలోను, గింజను పైకెత్తు గొట్టపు అడుగునను మిగిలిన గింజలను పూర్తిగా తీసివేయవలెను. అది పూట పని. దినమునకు ఇన్ని బస్తాలని లెక్కగట్టి, బస్తాలనుబట్టి కూలి యీయుడని సంఘమువారికి చెప్పినవారము మేమే. బస్తాల లెక్క చక్కగా పెరిగెను. మేమును సంతసించి నివేదికలో వ్రాసితిమి.

వరి ఈనుకాలమున సభ్యులు వెన్నులు చేతబట్టుకొని వచ్చిరి. ఒకే మడిలో కొన్ని దుబ్బులు వారమునకు పైగా ముందుగా ఈనియుండెను. గింజ వాటమును వేఱు. విత్తనము కలిసిపోయినది. కోతకు సరియైన దినమే లేక, ముందు పండినది రాలిపోయి, వెనుక పండినది పచ్చిగా నుండి, ఆ కాపులు నష్టపడిరి. మరునాటి యేటికి ఆ ధాన్యమును విత్తనముగా దాచుకొనుటకును వీలులేకపోయెను.

మేము కేంద్రమునకు పోయి పనివారినందఱను అడిగితిమి. బస్తాల మూతులు కుట్టు ఒక పెద్దామె యిట్లనెను: "రెండోనాడే చూశానండి బాబూ, గింజ తేడాగా వస్తోంది. మిషను ఆపమనడానికి నేనెంతదాన్ని?"

ఓనోగారు ఏ తప్పునకైనను ఏల యని అయిదు మాఱులు అడుగుమని చెప్పెడివారు. మేము అడుగుకొంటిమి. విత్తనము ఏల కలిసెను? యంత్రమును సరిగా తుడువలేదు. ఏల తుడువలేదు? పూట పోవునని భయపడిరి. ఏల భయపడిరి? బస్తాలు తగ్గిన కూలి తగ్గును. చూచినామె ఏల చెప్పలేదు? ఆపినవారికి చీవాట్లే గాని మెప్పు లేదు. ఈ యేర్పాటు ఎవరు చేసిరి? ఇక్కడికి వచ్చుసరికి మా తల వంగినది. మేము చదువుకొన్న మిషను పాఠశాలలో గంట త్రాడును హెడ్‌మాస్టరుగారి ఆజ్ఞ లేక ఎవ్వరును ముట్టరాదు. నలువదియేండ్లు పైబడిన వయసున, త్రాడు అందఱికిని అందుబాటులో నుండవలెనని కుట్టుపనిచేయు ఆమెవలన తెలిసికొంటిమి. సభ్యుల యెదుట మా తప్పును ఒప్పుకొంటిమి.

మఱుసటి యేట ఆ కేంద్రమున బస్తా కూలిని మాని దినకూలి పెట్టిరి. ఒక గంట వ్రేలాడదీసి, తేడా చూచిన వారెవరైనను దానిని మ్రోగించి యంత్రమును ఆపింపవచ్చునని నిశ్చయించిరి. గొట్టపు అడుగున మరలు విప్పనక్కఱలేని చిన్న తలుపు పెట్టించిరి. రెండవ రకపు జల్లెడలను, చీపుళ్లను, గాలికొట్టు పంపును ముందుగనే ప్రక్కన సిద్ధముచేసికొనుచుండిరి. పూట పట్టుచుండిన పని గంటలోపల ముగియుచుండెను. మొదటి దినమున గంట మ్రోగించినది ఆ పెద్దామెయే. ఆ దినమున వచ్చినది నిజమైన తేడా కాదు, వెలుతురువలని భ్రమ; అయినను సంఘాధ్యక్షులు ఆమెను అందఱియెదుట మెచ్చుకొనిరి. అటుపిమ్మట గంట మ్రోగించుటకు ఎవ్వరును వెనుదీయలేదు.

సంఘములకు విన్నపము

కావున సంఘ సోదరులకు మేము చేయు విన్నపములు ఇవి. యంత్రమును ఆపు అధికారమును, తప్పును మొదట చూడగల వారికే యిండు, ఆపినవారిని దండింపకుడు. బస్తాల లెక్కనే గాక, తిరిగివచ్చిన సరకు లెక్కను కూడ ప్రతిమాసము గోడపై వ్రాయుడు. ఒక రకమునుండి వేఱొకదానికి మారు కాలమును తగ్గించుకొనుడు. అప్పుడు సభ్యుడు కోరినంతయే, కోరినప్పుడు చేసియిచ్చుటకు వీలగును. నడుమ పేరుకొను గుట్టలను తగ్గింపుడు. కాని విత్తనపు గాదెను, యంత్రమునకు ముఖ్యమగు విడిభాగములను మాత్రము లేమి చేసికొనకుడు. ఏలయన వాన మన చీటీని చూచి రాదు. ఇరుగుపొరుగు సంఘములతో ముందుగనే మాటయనుకొని, ఒకరి యంత్రము చెడినప్పుడు మఱియొకరు పట్టియిచ్చు ఏర్పాటు చేసికొనుడు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శులను ప్రార్థించుచున్నాము. ఆ చర్చకు బస్తాల మూతులు కుట్టువారిని, జల్లెడయొద్ద నిలుచువారిని తప్పక పిలువుడు. వారు చెప్పునది ముందుగా వినుడు.